ఎర్రజెండా దగ్గర అత్తను దించాం

మా మేనత్త పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ గోదావరిఖని నుంచి చుట్టాలెవరు వచ్చినా, చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ ఒకే మాట అడుగుతారు. దింపుడు కల్లం దగ్గర మీ చిన్నమామ ఆమెను ఫోన్‌లో పిలిచాడట, ఆమె కనురెప్ప కదిలిందట, నిజమేనా అని. కథ కనురెప్ప దాకా పెరిగిందంటే దాన్ని పెంచింది ఎవరో నాకు తెలుసు. ఒక్కొక్కరికీ నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకని మొత్తం ఒకసారి రాసి పెడుతున్నాను. ఆయన పిలవలేదు. నేను పిలవనివ్వలేదు.

శవాన్ని కాటికి తీసుకుపోతూ దారిలో ఒకచోట పాడె దించుతారు కదా, అదే దింపుడు కల్లం. దగ్గరి మనిషి ఒకరు వంగి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే లేస్తుందని ఆశ. తన చెవి దగ్గరికి చిన్నమామ నోరు రాకూడదని అత్త బతికి ఉండగానే నా దగ్గర మాట తీసుకుంది. ఎందుకు తీసుకుందో ముందు చెప్పాలి. లేకపోతే నన్ను రాతిగుండె మనిషి అంటారు. నన్నంటే అననీయండి, అత్తను అనకూడదు.

అత్త మా నాన్నకు అక్క. మా తమ్ముడు పాకే వయసులో అమ్మ పోతే, నాన్న మా ఇద్దరినీ గోదావరిఖనికి తెచ్చి అత్త క్వార్టర్‌లో వదిలిపెట్టాడు. మామ బొగ్గుబాయిలో దిగి పని చేసేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. లేరని ఎవరైనా అంటే అత్త ఒప్పుకునేది కాదు. ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే అత్తగారు కాలం చేస్తే, ఇంకా అన్నం కలిపి తినడం రాని మరిదిని చంకన వేసుకుని పెంచింది. ఆ మరిదే మా చిన్నమామ. ఆయన తర్వాత మేమిద్దరం. ముగ్గురూ తన పిల్లలే అనేది.

రెండు గదుల క్వార్టర్. ముందు వాకిట్లో బొగ్గు పొయ్యి. ఒక షిఫ్టు వాళ్ళు వచ్చి స్నానం చేస్తుంటే ఇంకో షిఫ్టు వాళ్ళకు డబ్బాలు కట్టాలి. బాయిలో పని దొరుకుతుందేమోనని ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు వరండాలో పడుకునేవారు. వాళ్ళకూ ఆ పొయ్యి మీదే వండాలి. పొద్దున పొగ లేచిందంటే క్వార్టర్ల లైను మొత్తానికి తెలిసేది, అత్త లేచిందని. అక్కడి నుంచి ఎవరింట్లో ఏ తగవు జరిగినా ఆమె ముందుకు రావలసిందే. పెళ్ళి కుదిరినా ఆమెను అడగాలి, చెడినా ఆమెనే అడగాలి.

ఒక సంగతి చెబితే ఆమె ఎట్లాంటిదో తెలుస్తుంది. మా వెనక లైనులో ఒకాయన తాగి వచ్చి భార్యను కొట్టాడు. మర్నాడు డ్యూటీకి బయలుదేరుతుంటే బూట్లు లేవు. బూట్లు లేకుండా బాయి దిగనివ్వరు. ఇల్లంతా వెతికి, చివరికి మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అత్త పొయ్యి ఊదుతూ తలెత్తలేదు. నీ పెండ్లాం చెయ్యి పట్టుకుని తీసుకురా, ఆమె ఇయ్యమంటే ఇస్తాను అంది. ఆ బూట్లు మా బొగ్గుకుప్పలో పూడ్చి ఉన్నాయి. ఆయన డ్యూటీ ఆ రోజు పోయింది. మర్నాడు కూడా పోయింది. ఆ తర్వాతి రోజు భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. భార్య నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటూ, ఇయ్యక్కా అంది. అత్త బూట్లు దులిపి ఇచ్చింది గానీ ఆ మనిషితో ఏడాది మాట్లాడలేదు. ఆమె కోపం చల్లారడానికి టైము పట్టేది. కొన్ని చల్లారేవే కావు. నాకు వచ్చింది ఆ గుణమే.

ఒకరోజు మొదటి షిఫ్టుకు పోయిన మామ మీద బాయిలో పైకప్పు విరిగి పడింది. ఆ సంగతి ఎక్కువ రాయను. ఇంటికి తెచ్చినప్పుడు అత్త ఆయన కాళ్ళు మాత్రమే చూసింది, తెచ్చినవాళ్ళు చూడనిచ్చింది అంతవరకే.

ఆ రోజుల్లో డ్యూటీలో పోయిన వాళ్ళ ఇంట్లో ఒకరికి కంపెనీ నౌకరీ ఇచ్చేది. ఆఫీసు నుంచి సారు వచ్చి, మీకే పైన పని ఇస్తామమ్మా, బాయి దిగే పని లేదు అన్నాడు. లైనులో అందరూ తీసుకోమనే చెప్పారు. చిన్నమామ అప్పటికి పదో తరగతి తప్పి, సైకిల్ షాపు దగ్గర కూర్చునేవాడు. అత్త ఆయన వైపు చూసి సారుతో అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"నాకు రెండు చేతులున్నయి, పొయ్యి ఉన్నది. వానికేమున్నది సారూ? వానికియ్యుండ్రి."

వేలిముద్ర వేసింది. చిన్నమామ ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చాడు. నువ్వు ఉన్నన్ని రోజులు ఈ ఇల్లు నీదే వదినా, నేను నీ కొడుకును అన్నాడు. ఏడుపు అబద్ధమని నేను అనను. అప్పుడు నిజంగానే ఏడ్చాడు. ఆయన మొదటిసారి డ్యూటీకి పోయేనాడు మామ టిఫిన్ డబ్బాను చింతపండు వేసి తోమి, అందులోనే అన్నం కట్టి ఇచ్చింది అత్త.

ఆయనకు పిల్లను చూసింది ఆమె. పెళ్ళి చేసింది ఆమె. వచ్చిన చిన్నత్త చదువుకున్నది, మంచి మాటకారి. మొదట్లో అక్కా అక్కా అంటూ అత్త వెనకే తిరిగేది. తర్వాత తర్వాత, పొయ్యి ముందు ఇంకో మనిషి కూర్చుని ఉండగా ఇల్లు తనది కాదని ఆమెకు తోచి ఉంటుంది. అంతవరకు నాకు అర్థమవుతుంది. వేరు పడతామని మొహం మీద చెప్పి ఉంటే అత్తే సామాను సర్ది ఇచ్చేది.

నా పెళ్ళి కూడా ఆ క్వార్టర్ నుంచే జరిగింది, తమ్ముడు అప్పటికి హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాడు. నన్ను కమాన్‌పూర్ దగ్గర ఊళ్ళో ఇచ్చారు. మొదటి కాన్పుకు పుట్టింటికని అత్త దగ్గరికే వచ్చాను. కాన్పు కష్టమయ్యేటట్టు ఉందని మంచిర్యాల దవాఖానలో చేర్చారు. అత్త నాతోనే ఉండిపోయింది. మంచం కింద చాప వేసుకుని పడుకునేది. నర్సమ్మలతో కూడా దోస్తీ కట్టి, వాళ్ళ ఇంటి తగవులు అక్కడి నుంచే తీర్చింది. ఆపరేషన్ అయింది, జ్వరం వచ్చింది, చాలా రోజులు ఉండవలసి వచ్చింది. చిన్నమామ మొదట ఒకసారి వచ్చి చూసి పోయాడు. మళ్ళీ రాలేదు. డ్యూటీలు కుదరక రాలేదనుకున్నాం.

దవాఖాన నుంచి పంపించిన రోజు మేం ముగ్గురం, అంటే అత్త, నేను, పొత్తిళ్ళలో నా బిడ్డ, బస్సులో గోదావరి దాటి వచ్చాం. బస్టాండు దగ్గర ఆటో ఎక్కి క్వార్టర్ ముందు దిగాం. వాకిట్లో నాకు తెలియని ఒక ఆడమనిషి మా రోట్లో కారం దంచుతోంది. ఆ రోలు భూమిలో పాతింది, ఎవరూ తీసుకుపోలేనిది. మా పొయ్యి లేదు. తలుపు మీద వేరే తోరణం ఉంది.

ఎవరు కావాలని ఆమె అడిగింది. అత్త చేతిలో సంచి పట్టుకుని, రోలునే చూస్తూ నిలబడింది. నాకు కుట్లు సలుపుతున్నాయి. బిడ్డ ఏడుపు ఎత్తుకుంది. అప్పుడు పక్క క్వార్టర్ అక్క బయటికి వచ్చింది. వాళ్ళు క్రైస్తవులు, ఆమె భర్త బాయిలో పనివాళ్ళ మీద సర్దారు. ఆమె మమ్మల్ని చూసి గుమ్మంలోనే కూలబడింది.

చిన్నమామకు పెద్ద క్వార్టర్ దొరికిందట. మేం దవాఖానలో ఉండగానే లారీ పెట్టి సామానంతా ఎత్తుకుని వేరే కాలనీకి పోయాడట. అత్త ఇనుప పెట్టె, రెండు గిన్నెలు, ఆ పొయ్యి పక్కింటి వరండాలో పెట్టాడట.

"నేనే అడిగిన చెల్లె. మీ వదినె పెట్టె లారీల పెట్టలేదేందిరా అని. ఈడుంచక్కా, ఆమె వచ్చి తీస్కపోతది అన్నడు. ఏడికి తీస్కపోతదని అడిగిన. ఇనవడనట్టు పోయి లారీ ఎక్కిండు."

అత్త వరండాలోకి నడిచి, తన పెట్టె మీద కూర్చుంది. కాసిని మంచినీళ్ళు అడిగి తాగింది. నా బిడ్డను అందుకుని జోకొట్టింది.

ఆ అక్క మాకు ముందు గది ఇచ్చింది. నా బాలింత రోజులు అక్కడే గడిచాయి. చిన్నమామ కొత్త క్వార్టర్ ఎంతో దూరం కాదు. బజారుకు పోయి వచ్చినంత. అందరూ పోయి అడగమన్నారు. అత్త పోలేదు. వాడు రావాలె అనేది. వచ్చి వదినా రా అంటే చాలు, ఎందుకు చేసినవని కూడా అడగను అనేది. సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు, ఏ పనిలో ఉన్నా ఆపి, వరండాలో వీధి వైపు చెవి పెట్టి కూర్చునేది. ఆయన స్కూటర్ చప్పుడు ఆమెకు తెలుసు. స్కూటర్లు వచ్చేవి, పోయేవి. ఆమె మళ్ళీ బియ్యం ఏరుకునేది.

ఆ అక్క ఆదివారం చర్చి నుంచి వచ్చి మా తలల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. క్షమించు చెల్లె, క్షమిస్తే నీకే హాయి అనేది. మీ దేవుడు పెద్దోడక్కా, ఆయన క్షమిస్తడు, నేను పొయ్యికాడ కూసునేదాన్ని అనేది అత్త.

ఒకరోజు ఇద్దరం నల్లా దగ్గర ఉన్నాం. బిందె నిండుతోంది. ఎదురుగా ఆయన స్కూటర్ వచ్చింది. నీలం డ్యూటీ చొక్కా, ముందు హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా. అత్తను చూశాడు. అత్త కొంగు సర్దుకుంది, మొహం తుడుచుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన స్కూటర్ తల తిప్పి పక్క సందులోకి పోయాడు. అత్త బిందె ఎత్తుకుని నడిచింది. నీళ్ళు ఒలికి ఒళ్ళంతా తడిసింది. ఇంటికి రాగానే, మీ ఊరికి పోదాం బిడ్డా అంది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె చెవి వీధి వైపు పెట్టగా నేను చూడలేదు.

అట్లా అత్త నా అత్తగారింటికి వచ్చింది. మేనకోడలి ఇంట్లో ఉండటం చిన్నతనమని ఎవరైనా అంటారేమోనని నాకు భయం వేసింది గానీ, వచ్చిన ఆరు నెలలకే మా వాడకట్టు తగవులు కూడా ఆమె ముందుకే వచ్చాయి. మా ఆయన ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, డంపర్ నడుపుతాడు. ఆయన కూడా జీతం తెచ్చి ఆమె చేతికే ఇచ్చేవాడు. నా ఇద్దరు పిల్లలూ ఆమె చేతి ముద్దలతోనే పెరిగారు. మా తమ్ముడి పెళ్ళి చేసింది. చుట్టాల్లో ఎవరి శుభకార్యమైనా ఆమె కూర్చున్న తర్వాతే బువ్వలు పెట్టేవారు. ఇల్లు పోయింది గానీ పెద్దరికం పోలేదు. ఆ సంగతి చిన్నమామకు అందుతూనే ఉండేది. లైనులో వాళ్ళు ఆయనను మొహం మీదే అడిగేవారు, తల్లి లాంటిదాన్ని వరండాలో వదిలి పోయినవట కదా అని. యూనియన్‌లో పదవికి నిలబడితే ఎదుటివాళ్ళు ఆ మాటే ఎత్తి ఓడించారు.

అప్పుడు గుర్తొచ్చింది వదినె. ఆయన కూతురి పెళ్ళికి చిన్నత్త కారు దిగి, కుంకుమ భరిణె, శుభలేఖ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అత్త అరుగు మీద చిక్కుడుకాయ తుంచుతోంది. రా బిడ్డా కూర్చో అంది. నా చేత నీళ్ళు ఇప్పించింది. ఆమె నీళ్ళు తాగాక నెమ్మదిగా అడిగింది.

"ఎవలు బిడ్డా మీరు? ఏ క్వార్టర్ల ఉంటరు?"

చిన్నత్త మొహం పాలిపోయింది. అక్కా, నన్ను గుర్తుపట్టలేదా అంది.

"కండ్లు మసకలు వచ్చినయి బిడ్డా. మాకు ఖనిల ఒక మరిది ఉండె. ఇల్లు మారిండట. ఏడికి మారిండో మాకు చెప్పలే. నీకేమన్న ఎరుకైతె చెప్పు."

నేను లోపలికి పోయి గోడకు మొహం పెట్టి నవ్వాను. చిన్నత్త శుభలేఖ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. అత్త ఆ శుభలేఖను రెండుగా మడిచి, వేడి గిన్నె దించుకోవడానికి పొయ్యి దగ్గర పెట్టుకుంది. కాగితం మంచి మందంగా ఉంది. చాలా రోజులు పనికొచ్చింది.

చివరి రెండేళ్ళు అత్తకు దమ్ము, ఆయాసం. పొగలో గడిచిన బతుకు కదా. మాట కూడా ఆగి ఆగి వచ్చేది. ఒక మధ్యాహ్నం తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను పోతె వాడు వస్తడు. పెద్ద దండ తెస్తడు, అందరికంటె ఎక్కువ ఏడుస్తడు. ఏడువనియ్యి. దండ ఎయ్యనియ్యి. దింపుడు కల్లం కాడ మాత్రం నా చెవుల వాని నోరు పెట్టనియ్యకు. చచ్చినంక పిలిస్తె నాకు ఇనవడది, ఊరికి ఇనవడతది. ఊరి కోసం నన్ను పిలువొద్దు."

సరే అత్తా అన్నాను. గట్టిగా చెప్పమంది. గట్టిగా చెప్పాను.

ఆమె పోయింది ఒక తెల్లవారుజామున. పొద్దెక్కేసరికి చిన్నమామ కారులో వచ్చాడు. ఆమె చెప్పినట్టే అందరికంటే పెద్ద దండ. ఆమె చెప్పినట్టే అందరికంటే పెద్ద ఏడుపు. వదినా, ఒక్కసారి నన్ను కొట్టరాదే అని నేల మీద పడి దొర్లాడు. వచ్చిన వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మనసులో ఎంత ఉందో పాపం అన్నారు. నేను ఆమె పాదాలకు పసుపు రాస్తూ విన్నాను.

మా కులపెద్ద వచ్చి కూర్చుని పనులు పంచాడు. నిప్పుకుండ మా తమ్ముడు పట్టుకోవాలి. దింపుడు కల్లం దగ్గర అత్తింటి వైపు మనిషి, కొడుకు లాంటి మరిది పిలవాలి. నేను లేచి అత్త మాట చెప్పాను. చనిపోయిన మనిషి పంతం ఎవరికి కావాలమ్మా, పంతాలు మనతోనే పోతాయి అని ఆయన నన్ను కూర్చోబెట్టాడు. తమ్ముడి వైపు చూశాను. వాడు తల దించుకున్నాడు. వాడి కొడుకును చిన్నమామే ఏదో కాంట్రాక్టు పనిలో పెట్టించాడు, వాడి బాధ వాడిది. మా ఆయన మాత్రం నా పక్కన నిలబడ్డాడు గానీ, అల్లుడి మాట అక్కడ ఎవరు వింటారు.

పాడె తొందరగా లేవాలని మా ఆయన చెబుతూనే ఉన్నాడు. కాటికి పోయే దారి ఓపెన్‌కాస్టు అంచునే పోతుంది. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు లోపల బాంబులు పేలుస్తారు. అప్పుడు దారికి రెండు వైపులా ఎర్రజెండాలు పట్టుకుని ఎవరినీ పోనివ్వరు. కానీ చిన్నమామ కొడుకు హైదరాబాద్ నుంచి రావాలట. వాడు వచ్చి చూసేదాకా లేపొద్దని చిన్నమామ పాడె పట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్లవాడు వచ్చాడు, చూశాడు, ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. అప్పుడు లేపారు.

మోకాళ్ళ నొప్పులని చిన్నమామ నడవలేదు. భార్యా కొడుకుతో కారులో ముందు పోయి, దింపుడు కల్లం బండ దగ్గర ఉంటానన్నాడు. మా వైపు ఆడవాళ్ళు కూడా కాటి దాకా పోతారు. డప్పుల వెనక మగవాళ్ళు, వాళ్ళ వెనక మేం. నేను నడుస్తూ, బండ దగ్గర ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. పాడె మీద పడాలా, ఆయన చొక్కా పట్టుకోవాలా. ఏదీ తోచలేదు.

ఓపెన్‌కాస్టు మూల తిరిగేసరికి సైరన్ మోగింది. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, ఎర్రజెండా పట్టుకుని కావలి మనిషి నిలబడ్డాడు. చిన్నమామ కారు అప్పటికే దాటి పోయింది. రోడ్డు అవతలి కొసన ఇంకో ఎర్రజెండా, దాని వెనక ఆయన తెల్లచొక్కా చిన్నగా కనబడుతోంది.

శవం అయినా సరే పోనివ్వనని కావలి మనిషి చెప్పాడు. తప్పు అతనిది కాదు, అతని డ్యూటీ అది. డప్పులు ఆగిపోయాయి. అత్త సన్నటి మనిషే గానీ పచ్చి వెదురు బరువు. మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు, మళ్ళీ మార్చుకున్నారు. ఎండ మండుతోంది. ఎంతసేపు మోస్తారు, దించండి అని ఎవరో అన్నారు. రోడ్డు పక్కన దించేశారు.

దించాక గాని ఎవరికీ తట్టలేదు. కులపెద్ద నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఇంటి నుంచి లేచిన పాడె కాటికి చేరేలోపు ఒక్కచోటే నేలకు తాకాలి. తాకిన చోటే దింపుడు కల్లం. పిలవకుండా ఎత్తకూడదు. రెండోసారి దింపించిన వాళ్ళ ఇంటి నుంచి ఇంకో పాడె లేస్తుందని మా వాళ్ళ భయం. అంటే మా అత్తను పిలవవలసింది ఇక్కడే, ఇప్పుడే. పిలవవలసిన మనిషి ఎర్రజెండా అవతల ఉన్నాడు. ఆ ఒక్క మనిషిని ఇటు రానివ్వమని కులపెద్ద కావలి మనిషిని బతిమాలాడు. సైరన్ అయిపోయింది కాకా, నా నౌకరి పోతది అన్నాడతను.

నాకు అప్పుడు అర్థమైంది, ఇక్కడ నేను పిలిస్తే ఇక ఆయన పిలవలేడని.

నేను మగవాళ్ళను తోసుకుని పాడె దగ్గరికి చేరేసరికి కులపెద్ద ఫోన్ మోగింది. చిన్నమామ. అవతలి నుంచి చూసి ఆయనకూ అర్థమైనట్టుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు కులపెద్ద. అందరూ విన్నారు.

"కాకా, జల్ది లేపకుండ్రి. ఫోను ఆమె చెవికాడ పెట్టు. నేను ఈన్నుంచే పిలుస్త."

ఒకరిద్దరు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. కులపెద్ద మాత్రం పిలుపు ఎటు నుంచి వచ్చినా పిలుపే కదా అని తనకు తానే చెప్పుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అత్త చెవి మీది దూది తీశాడు. ఫోన్ దగ్గరికి పెట్టబోయాడు.

నేను ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. అవతల చిన్నమామ గొంతు సవరించుకుంటున్నాడు.

"మామా," అన్నాను. "అత్త ఖాళీ చేసి పోయింది. ఏడికి పోయిందో నీకు చెప్పలేదా?"

ఫోన్ కట్ చేశాను. వెంటనే మళ్ళీ మోగింది. దాన్ని నడుము దగ్గర చెంగులో దోపుకున్నాను. అది అక్కడ కొట్టుకుంటూనే ఉంది. నేను వంగి, అత్త చెంప మీద చెయ్యి వేసి, అత్తా అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. తల ఎత్తి రోడ్డు అవతలికి చూశాను. తెల్లచొక్కా చెయ్యి ఊపుతోంది. ఆయన చూస్తున్నాడని రూఢి చేసుకుని మూడోసారి పిలిచాను.

అప్పుడు లోపల బాంబు పేలింది. కాళ్ళ కింద నేల కదిలింది. ఓపెన్‌కాస్టు మీదుగా దుమ్ము లేచి అవతలి జెండా, కారు, మనిషి అన్నీ కనబడకుండా పోయాయి.

కులపెద్దకు నా మీద కోపం వచ్చింది. ఆడదానివి, ఆమె పుట్టింటి పిల్లవు, నువ్వెట్లా పిలుస్తావని అరిచాడు. పిలిచాను కదా, ఇప్పుడేం చేస్తారని అడిగాను. పిలిచిన పాడెను మళ్ళీ పిలవడానికి వీల్లేదు. చివరకు ఆయనే ఎత్తండి అన్నాడు. ఆయన చేతిలో ఫోన్ పెట్టేశాను. మోసేవాళ్ళు ఆనవాయితీ ప్రకారం పాడె దిక్కు మార్చి భుజాలకు ఎత్తుకున్నారు.

జెండా దించాక ముందుకు నడిచాం. బండ దగ్గర చిన్నమామ భుజం మీది తువ్వాల తీసి, పాడెకు అడ్డంగా నిలబడ్డాడు. దించుండ్రి, ఒక్కసారి దించుండ్రి అన్నాడు. మోసేవాళ్ళు ఆగారు. కులపెద్ద ఏమీ అనకముందే చిన్నత్త పరుగెత్తుకొచ్చి ఆయన రెక్క పట్టుకుంది. వద్దు, రెండోసారి దించొద్దు, మన ఇంటి మీదికి వస్తది, పిల్లలున్నోళ్ళం అంది. కొడుకు ఇంకో రెక్క పట్టుకున్నాడు. ఇద్దరూ ఆయనను పక్కకు లాగి పట్టుకుంటే, అత్త ఆయన ముందు నుంచి పోయింది. నేను ఆయన మొహం చూస్తూ నడిచాను. ఇప్పుడు ఏడుపులో చప్పుడు లేదు. అది నిజం ఏడుపు. నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు చూశాను కూడా.

కాటి దగ్గర అన్నీ అయ్యాక, బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నీ కసి తీరిందా బిడ్డా?"

"ఇంకా తీరలేదు మామా."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. నెల తిరక్కముందే గోదావరిఖనిలో ఈ ఫోన్ కథ మొదలైంది. పక్క క్వార్టర్ అక్క, ఇప్పుడు ముసలిదైపోయింది, ఆటో కట్టించుకుని వచ్చి మరీ నాకు చెప్పింది. ఎక్కడ నలుగురు కూడినా ఆయన ఈ ముచ్చట చెబుతున్నాడట. వదినా అంటే కనురెప్ప కదిలింది అని. వినేవాళ్ళు ఏడుస్తున్నారట. కులపెద్దను అడిగితే, నాకు సరిగ్గా యాదికి లేదు అంటాడట.

నాకు యాది ఉంది. ఆ రోడ్డు మీద నా ముందూ వెనకా ఊరు ఊరంతా ఉంది, అడగండి. ఆయన నోటి నుంచి వదినా అన్న మాట రాకముందే నేను ఫోన్ కట్ చేశాను.

పెద్దవాళ్ళు ఇప్పుడు కూడా మందలిస్తారు. పోయిన మనిషికి ఏం తెలుస్తుంది, పిలవనిస్తే నీ సొమ్మేం పోయేది అంటారు. వాళ్ళకు చెప్పని మాట ఒకటి ఉంది, ఇక్కడ రాస్తున్నాను. ఊరి కోసం పిలవొద్దని అత్త అన్నది నిజమే. కానీ ఆ వరండాలో ఆ గొంతు కోసం ఆమె ఎట్లా చెవి పెట్టుకుని కూర్చుందో రోజూ పక్కన ఉండి చూసింది నేను ఒక్కదాన్నే. నేను మూడుసార్లు పిలిస్తే లేవలేదు. ఆయన పిలిస్తే లేచేదేమో. లేచి, తల సవరించుకుని, ఏమీ అడక్కుండా ఆయన వెనక పోయేదేమో. అందుకే ఆ గొంతును ఆమె చెవి దాకా రానివ్వలేదు.